మంట ఆరాక మొదలైన ఆల్బమ్: 'మెషీన్ హెడ్' ఎలా తయారైంది

(విశాఖపట్నంలో ఒక ఆదివారం సాయంత్రం సంగీతాభిమానుల ముందు ఒక సౌండ్ ఇంజినీర్ చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని రాసిపెట్టాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడినవాళ్ళు ముందుకు రండి, ముందు వరుసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఉక్కగా ఉందని నాకూ తెలుసు. ఫ్యాన్లు నేనే ఆపించాను. ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది, అందాకా తిట్టుకోకండి.

ఇవాళ ఒకే ఒక్క ఆల్బమ్ గురించి మాట్లాడతాను. ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ డీప్ పర్పుల్ వాళ్ళ 'మెషీన్ హెడ్'. 1972 మార్చిలో వచ్చింది. ఏడు పాటలు. మొత్తం కలిపి ముప్ఫై ఎనిమిది నిమిషాలు కూడా ఉండదు. మన ఊళ్ళో గిటార్ కొనుక్కున్న ప్రతి కుర్రాడూ ముందుగా వాయించే వరుస ఒకటుంది కదా? ఎవరి దగ్గరుంది గిటార్? నీ దగ్గరా బాబూ? వాయించు ఒకసారి... అదీ. అదే. 'స్మోక్ ఆన్ ది వాటర్'. ఈ ఆల్బమ్‌లోదే. గిటార్లు అమ్మే షాపుల్లో పనిచేసేవాళ్ళు ఈ వరుస వింటే చెవులు మూసుకుంటారు, పాపం వాళ్ళ తప్పేమీ లేదు.

ఆ పాట వల్ల ఒక చిక్కు వచ్చిపడింది. ఆల్బమ్ ఎక్కడ చేద్దామనుకున్నారు, ఏం కాలిపోయింది, తర్వాత ఎక్కడికి పోయారు, అన్నీ ఆ పాటలో వాళ్ళే చెప్పేశారు. కథంతా చెప్పేసిన పాట చేతిలో ఉన్నాక ఇంకెవరు తవ్వుతారు? అందరూ మంట కథ చెప్పుకుని ఊరుకుంటారు. నాకు మంట కంటే, మంట తర్వాత రెండు వారాలు ముఖ్యం. మంట ఈ ఆల్బమ్‌కి ఒక పాట ఇచ్చింది. కానీ ఈ ఆల్బమ్‌కి ఉన్న ఆ శబ్దం ఉంది చూశారూ, అది ఇచ్చింది మాత్రం ఒక హోటల్ కారిడారూ, బయట మంచులో ఆపిన ఒక ట్రక్కూ, ఆ ట్రక్కు దాకా నడవడానికి వీళ్ళకి పుట్టిన విసుగూ. ఇది నా అభిప్రాయం. ఒప్పుకోనివాళ్ళు చివర్లో రండి, దెబ్బలాడుకుందాం.

ముందు మనుషుల్ని పరిచయం చేస్తాను, త్వరగా. రిచీ బ్లాక్‌మోర్ గిటార్. ఇయాన్ గిలన్ గాత్రం. రోజర్ గ్లోవర్ బేస్. జాన్ లార్డ్ ఆర్గన్. ఇయాన్ పేస్ డ్రమ్స్, ఎడమచేతి వాటం. బ్యాండ్ 1968లో మొదలైంది, ఈ ఐదుగురి కూర్పు 1969లో కుదిరింది. జాన్ లార్డ్ గురించి ఒక్క మాట ఎక్కువ చెప్పాలి. ఆయన పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం నేర్చుకున్న మనిషి. 1969లోనే తన బ్యాండ్‌కీ పెద్ద ఆర్కెస్ట్రాకీ కలిపి ఒక కన్సర్టో రాశాడు. అలాంటాయన తన హామండ్ ఆర్గన్‌ని తీసుకెళ్ళి గిటార్‌కి వాడే మార్షల్ ఆంప్లిఫయర్‌కి తగిలించాడు. అందుకే ఆ ఆర్గన్ చర్చిలో ఆర్గన్‌లా ఉండదు, గిటార్‌తో సమానంగా గర్జిస్తుంది. ఈ ఆల్బమ్‌లో చాలా చోట్ల మీరు గిటార్ అనుకుని వింటున్నది సగం ఆర్గన్. ఇంటికెళ్ళాక హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూసుకోండి.

సరే, వీళ్ళకి వచ్చిన ఇబ్బంది ఏమిటి? స్టేజీ మీద వీళ్ళు పిడుగుల్లాంటివాళ్ళు. స్టూడియోలోకి వెళ్తే ఆ ఊపు పోతోంది. దీనికి ముందు ఆల్బమ్ 'ఫైర్‌బాల్'ని టూర్ల మధ్య సందు దొరికినప్పుడల్లా కాస్త కాస్త చేశారు. అది అలాగే వినిపిస్తుంది కూడా, అతుకులు తెలుస్తాయి. స్టూడియో గదులు ఎలా ఉంటాయో ఇక్కడ కొందరికి తెలుసు. శబ్దాన్ని మింగేసేలా కడతారు. డ్రమ్ కొడితే 'ధన్' అనాల్సింది 'ధ' దగ్గరే చచ్చిపోతుంది. అందుకని వీళ్ళు ఏమనుకున్నారంటే, స్టూడియో వద్దు, కచేరీ జరిగే హాల్లోనే, స్టేజీ మీద నిలబడినట్టే నిలబడి, అందరం ఒకేసారి వాయిద్దాం, దాన్నే రికార్డ్ చేద్దాం అన్నారు. ఇంగ్లండ్ బయట రికార్డ్ చేస్తే పన్ను కలిసొస్తుందనే లెక్క కూడా ఉంది. కళ కోసమే అంతా చేశారని నేను చెప్పను.

అందరూ ఒకేసారి వాయించడం మనకేమీ కొత్త కాదు. ఘంటసాల గారి రోజుల్లో మద్రాసులో పాట రికార్డింగంటే అంతే కదా. గాయకులు, వయొలిన్లు, తబలా, అందరూ ఒకే చోట. ఎవరు తప్పినా మళ్ళీ మొదటి నుంచి. చివరి చరణంలో తప్పినవాడి మొహం ఎలా ఉండేదో ఊహించుకోండి! ఒక్కో వాయిద్యాన్నీ విడివిడిగా రికార్డ్ చేసుకునే ట్రాకులు వచ్చాక ఆ భయం పోయింది. భయంతో పాటు ఇంకేదో కూడా పోయిందని నా అనుమానం, ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

హాల్లో రికార్డ్ చేయాలంటే పరికరాలు హాలు దగ్గరికి రావాలి. అప్పట్లో దానికి ఒక ట్రక్కు ఉండేది. రోలింగ్ స్టోన్స్ బ్యాండ్ వాళ్ళది. లారీ వెనకాల పెట్టెలో మిక్సింగ్ డెస్కు, పెద్ద పెద్ద టేప్ మెషీన్లు, స్పీకర్లు. ఎక్కడికి కావాలంటే అక్కడికి తోలుకెళ్ళి, కిటికీలోంచి కేబుళ్ళు లోపలికి లాగడమే. లెడ్ జెపెలిన్ కూడా వాడింది దాన్నే. ఇప్పుడది కెనడాలో, కాల్గరీలోని ఒక సంగీత మ్యూజియంలో ఉంది. దాన్ని అద్దెకి తీసుకున్నారు. ఇంజినీర్ మార్టిన్ బర్చ్. ఈ పేరు గుర్తుపెట్టుకోండి. ఐరన్ మెయిడెన్ అభిమానులకి చెప్పక్కర్లేదు, తర్వాత వాళ్ళ గొప్ప ఆల్బమ్‌లు ప్రొడ్యూస్ చేసింది ఆయనే.

ఊరు మాంట్రూ. స్విట్జర్లాండ్‌లో జెనీవా సరస్సు ఒడ్డున ఉంటుంది. అక్కడ ఒక కేసినో, అందులో కచేరీ హాలు. ఆ ఊళ్ళో జాజ్ ఉత్సవం మొదలుపెట్టిన క్లోడ్ నోబ్స్ అనే ఆయన వీళ్ళకి ఏర్పాట్లు చేశాడు. చలికాలం కదా, కేసినో మూసేస్తారు, మీరు పాటలు చేసుకోండి అన్నాడు. మూసేముందు ఒక్క కచేరీ మిగిలింది. అమెరికా రాక్ సంగీతకారుడు ఫ్రాంక్ జాపా కచేరీ. వీళ్ళు కూడా చూద్దామని వెళ్ళారు.

ఆ తేదీ 1971 డిసెంబర్ 4. పెద్దవాళ్ళు ఇక్కడ ఉన్నారు... ఆ తేదీ విశాఖ వాళ్ళకి నేను చెప్పాలా? మన దగ్గర యుద్ధం. ముందు రాత్రే మన హార్బర్ బయట పాకిస్తాన్ వాళ్ళ ఘాజీ సబ్‌మెరీన్ మునిగింది. బీచ్ రోడ్డులో స్మారకం ఉంది, రోజూ దాని పక్క నుంచే వాకింగ్‌కి వెళ్తారు మీరు. ఇవాళ్టికీ డిసెంబర్ 4న నేవీ డే చేసుకుంటాం. సరిగ్గా ఆ రోజే, అక్కడ సరస్సు ఒడ్డున, జాపా కచేరీ చివరికి వస్తుండగా జనంలో ఎవడో ఫ్లేర్ గన్, అంటే సిగ్నల్ కోసం మంట వదిలే తుపాకీ, పైకప్పు మీదికి పేల్చాడు. రెండింటికీ ఏ సంబంధమూ లేదు. లేకపోయినా నాకు ఆ తేదీ చూసినప్పుడల్లా ఒళ్ళు ఒకలా అవుతుంది, విశాఖలో పుట్టినవాణ్ణి కదా.

పైకప్పు అంటుకుంది. జనం బయటికి పరిగెత్తారు. క్లోడ్ నోబ్స్ లోపలికి వెళ్ళి పిల్లల్ని బయటికి లాగాడు. పాటలో ఆయన పేరు వచ్చేది అందుకే. అదృష్టం, ఎవరూ చనిపోలేదు. కేసినో మాత్రం మొత్తం పోయింది. జాపా సామాన్లన్నీ బూడిద. పాపం ఆయనకి ఆ వారం బాగోలేదు, డిసెంబర్ 10న లండన్‌లో ఒకడు ఆయన్ని స్టేజీ మీంచి కిందికి తోసేశాడు, దెబ్బలు గట్టిగా తగిలాయి. ఇక డీప్ పర్పుల్ వాళ్ళేమో హోటల్లో కూర్చుని, కేసినో తగలబడుతుంటే పొగ కిందికి దిగి నీళ్ళ మీద పరుచుకోవడం చూశారు. ఇక్కడితో మంట కథ అయిపోయింది.

ఇప్పుడు వీళ్ళ పరిస్థితి చూడండి. ట్రక్కు వచ్చేసింది, రోజుకి ఇంత అని అద్దె పడుతోంది. ఇంజినీర్ ఉన్నాడు. బ్యాండ్ ఉంది. గది లేదు. మన కుర్రాళ్ళకి ఈ బాధ బాగా తెలుసు, అవునా కాదా? ఎంవీపీ కాలనీలో మేడ మీద గది తీసుకుంటారు, మూడో రోజు కింద ఇంటివాళ్ళు పైకొస్తారు. "బాబూ, మా అత్తగారికి బీపీ" అంటారు. గది మారాల్సిందే.

వీళ్ళకీ అచ్చం అదే జరిగింది. నోబ్స్ ఊరి మధ్యలో పెవిలియన్ అనే థియేటర్ చూపించాడు. సామాన్లు దింపుకున్నారు. రాత్రిపూట మొదలుపెట్టారు. బ్లాక్‌మోర్ దగ్గర ఒక వరుస ఉంది. పాటకి పేరు లేదు, మాటలు లేవు. టేప్ మీద 'టైటిల్ నంబర్ వన్' అని రాసుకున్నారు. రాత్రి, నిద్రపోతున్న ఊరు, ఈ వాయింపు. ఊరివాళ్ళు లేచారు, పోలీసులు వచ్చారు. లోపల టేక్, అంటే పాట ఒక విడత రికార్డింగ్, నడుస్తోంది. అది పూర్తయ్యేదాకా పోలీసులు లోపలికి రాకుండా వీళ్ళ రోడీలు, అంటే సామాన్లు మోసే కుర్రాళ్ళు, తలుపులు పట్టుకుని నిలబడ్డారని గ్లోవర్ చాలాసార్లు చెప్పాడు. టేక్ పూర్తయింది. తలుపులు తెరిచారు. దుకాణం కట్టేశారు. ఆ థియేటర్లో వాళ్ళు సంపాదించింది ఆ ఒక్క ట్రాకే.

బాబూ, ఆ ట్రాకే నువ్వు ఇందాక వాయించింది.

ఆ వరుస దగ్గర కాసేపు ఆగుదాం. ముందు వరుసలో వీణ టీచర్ గారు ఉన్నారు, ఆవిడ ముందు ఇది చెప్పడానికి కాస్త జంకుగానే ఉంది. తప్పయితే చెప్పండమ్మా. షడ్జం పెట్టుకుని చూస్తే వరుస ఇదీ: స గ మ. మళ్ళీ, స గ, ఇక్కడ ప్రతి మధ్యమం ఒక్క క్షణం తగిలి, శుద్ధ మధ్యమానికి దిగుతుంది. మళ్ళీ స గ మ, గ స. అయిపోయింది. గాంధారం సాధారణ గాంధారం. నాలుగే స్వరస్థానాలు. రెండు మధ్యమాలూ పక్కపక్కనే పెట్టడం మన పద్ధతిలో మామూలుగా ఒప్పుకోని పని. అవునా అమ్మా? చూశారా, తల ఊపుతున్నారు. ఆ కరుకుదనమే దాని రుచి.

ఇంకొకటుంది, ఇది చాలామంది కుర్రాళ్ళకి తెలియదు. ఏమీ అనుకోకు బాబూ, నువ్వు వాయించిన తీరులో కూడా అది లేదు. నువ్వు ఒక తీగ మీద, ప్లెక్ట్రమ్‌తో, అంటే తీగ మీటే బిళ్ళతో వాయించావు. బ్లాక్‌మోర్ రెండు తీగల్ని రెండు వేళ్ళతో ఒకేసారి లాగుతాడు. పై స్వరం షడ్జం అయితే, కింద తీగ మీద మంద్ర పంచమం. ఇప్పుడు నా తంబురా యాప్ పెడతాను, వినండి. మొదటి రెండు తీగలూ ఏమిటి? పంచమం, సారణి. అదే జత! బ్లాక్‌మోర్ ఆ జతనే పట్టుకుని మెట్టు మెట్టూ జరుపుతూ వెళ్తాడు. ఆయన తంబురా విని చేశాడని నేను అనడం లేదు, దయచేసి వాట్సాప్‌లో పెట్టకండి. కానీ మన చెవికి అది అంత తేలిగ్గా ఎక్కడానికి ఇదొక కారణమని నాకనిపిస్తుంది. రెండు వేళ్ళతో వాయించు బాబూ ఇప్పుడు... విన్నారా తేడా? ప్లెక్ట్రమ్ అయితే ఒక తీగ తర్వాత ఇంకోటి తగులుతుంది. వేళ్ళతో లాగితే రెండూ ఒకే క్షణంలో లేస్తాయి. ఆ తర్వాత పాటలో జరిగేది గమనించండి. గిటార్ ఒక్కటే మొదలవుతుంది. పేస్ హై-హ్యాట్ తాళాలు కలుపుతాడు. ఆర్గన్ అదే వరుసలో దూరుతుంది. గ్లోవర్ బేస్ అన్నిటికంటే ఆలస్యంగా వస్తుంది. బేస్ వచ్చేదాకా కింద నేల లేదు. అది వచ్చాకే పాట కాళ్ళ మీద నిలబడుతుంది.

పోలీసులు వెళ్ళగొట్టాక మళ్ళీ వెతుకులాట. రోజులు గడుస్తున్నాయి. చివరికి దొరికింది ఊరి చివర గ్రాండ్ హోటల్. పేరుకి గ్రాండే కానీ చలికాలానికి మూసేసిన హోటల్. లోపల చలి, ఖాళీ, చీకటి. అక్కడ కచేరీ హాలు లాంటిదేమీ లేదు. అందుకని లాబీ పక్కన కారిడార్లోనే సర్దుకున్నారు. గదుల్లోంచి మంచాలు, పరుపులు లాక్కొచ్చి గోడలకి ఆనించారు. నాలుగు ఎర్ర బల్బులు పెట్టుకున్నారు. బయట ట్రక్కు, కిటికీల్లోంచి కేబుళ్ళు. అంతే, స్టూడియో తయారు.

ఇప్పుడు ఫ్యాన్ల సంగతి. అందరూ ఒక్క నిమిషం మాట్లాడకుండా ఉండండి. పాపను కాస్త బయటికి తీసుకెళ్ళండమ్మా, ఒక్క నిమిషం. చప్పట్లు ఒక్కసారే కొడతాను... విన్నారా? చప్పుడు అయిపోయాక ఒక తోక వచ్చింది. మళ్ళీ కొడతాను... ఆ తోక గది. శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు వెళ్తుంది. వెనక గోడ నా నుంచి 17 మీటర్లుంటే, చప్పుడు వెళ్ళి తిరిగి రావడానికి సెకనులో పదో వంతు. ఆ మాత్రం ఆలస్యాన్ని మన చెవి పట్టేస్తుంది. ఇప్పుడు ఈ రెండు కర్టెన్లూ గోడకి అడ్డంగా లాగండి... మళ్ళీ కొడతాను... తోక తగ్గింది కదా? పూర్తిగా పోయిందా? పోలేదు.

పరుపు చేసే పని ఇదే. దూది, ఫోమ్, ఏదైనా సరే, పై స్థాయి శబ్దాన్ని తాగేస్తుంది. సింబల్ గరగర, గిటార్ కీచు, వీటిని. కింది స్థాయిని ఆపడం దాని వల్ల కాదు. కాలితో కొట్టే కిక్ డ్రమ్ 60 హెర్ట్జ్ దగ్గర మోగితే ఆ తరంగం పొడవు ఐదున్నర మీటర్ల పైనే. ఆరంగుళాల పరుపు దాన్నేం ఆపుతుంది? అది దర్జాగా దాటిపోతుంది. అంటే కారిడార్లో ఏం మిగిలింది? చెవిని పొడిచే ప్రతిధ్వని పోయింది. కింది బరువు మిగిలింది. ఈ ఆల్బమ్‌లో డ్రమ్స్ విన్నప్పుడు మీకు అదే తెలుస్తుంది. స్టూడియో డ్రమ్స్‌లా చచ్చిపోయి ఉండవు, పెద్ద హాల్లో డ్రమ్స్‌లా గోలగానూ ఉండవు. గది ఉందని తెలుస్తుంది, గది మోగదు. కేసినో హాలు కాలకుండా ఉండి అందులోనే రికార్డ్ చేసి ఉంటే ఇంత బిగువుగా వచ్చేది కాదని నా నమ్మకం.

ఒక మాట కుర్రాళ్ళకి. గోడలకి గుడ్ల ట్రేలు అతికించకండి. దయచేసి. అవి బల్లులకి తప్ప ఎవరికీ ఉపయోగం లేదు. నాలుగు పాత పరుపులు తెచ్చుకోండి. ఇంకా, బీచ్ రోడ్డు దగ్గర గదిలో వాయించేవాళ్ళు తీగలు తుడిచి పెట్టుకోండి, ఉప్పుగాలికి వారం తిరక్కుండా తుప్పు పడతాయి. తుప్పు తీగ శ్రుతి నిలవదు. ఇది ఆల్బమ్‌కి సంబంధం లేదు, చెప్పాలనిపించి చెప్పాను.

సరే, అసలు విషయానికి వచ్చాను. వాయించాక వినాలి కదా? ఎలా వచ్చిందో చూసుకోవాలి కదా? వినడానికి స్పీకర్లు ట్రక్కులో ఉన్నాయి. ట్రక్కు బయట ఉంది. కారిడార్‌లోంచి నేరుగా దారి లేదు, దారి నిండా పరుపులూ సామాన్లే. అందుకని ఏదో గదిలో దూరి, బాల్కనీలోకి దిగి, ఇంకో గదిలోంచి మెట్లు దిగి, మంచు పడుతున్న ఆవరణ దాటి, ట్రక్కెక్కాలి. విని, మళ్ళీ అదే దారిన వెనక్కి. చెమటతో వాయించిన ఒళ్ళు, బయట స్విస్ చలి. ఒకటికి రెండుసార్లు చేశారు. ఆ తర్వాత మానేశారు. మార్టిన్ బర్చ్ బాగుందంటే బాగున్నట్టే. తర్వాత పాట.

ఇది మామూలు సంగతి కాదండీ. నేను రోజూ చేసే పని మీకు చెప్తాను. కుర్రాళ్ళు గిటార్ వాయిస్తారు, వెంటనే నా కుర్చీ వెనక్కి వచ్చి కంప్యూటర్ స్క్రీన్ చూస్తారు. వినరు కూడా, చూస్తారు! గీత ఇక్కడ కాస్త పక్కకి జరిగింది అంకుల్, సరిచెయ్యండి అంటారు. సరిచేస్తాను. ఇంకో టేక్. ఇంకో టేక్. సాయంత్రానికి ఒక్క పాటకి ఎన్ని టేకులు పోగవుతాయో, వాటిలో ఏది మంచిదో ఎవరికీ గుర్తుండదు. ఆ ట్రక్కులో ఉన్నది పదహారు ట్రాకుల టేప్. డ్రమ్స్, బేస్, గిటార్, ఆర్గన్, పాట, అన్నీ ఆ పదహారులో ఇమడాలి. మార్టిన్ బర్చ్‌కి ఏ మైకు ఏ ట్రాకులోకో వాయించే ముందే తేల్చుకోక తప్పదు. నా ల్యాప్‌టాప్‌లో ఎన్ని ట్రాకులో లెక్కే లేదు, అందుకే నేను ఏదీ తేల్చను. వాళ్ళు వినడానికి వెళ్ళలేకపోయారు కాబట్టి, వినాల్సిందంతా వాయిస్తున్నప్పుడే విన్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ. ఇందాక ట్రాకులు వచ్చాక ఏదో పోయిందన్నాను కదా, అది ఇదే.

అలాగని అంతా అప్పటికప్పుడు పుట్టిందని అనుకోకండి. 'హైవే స్టార్' సంగతి చూడండి. అది అంతకు ముందే, 1971 సెప్టెంబర్‌లో పోర్ట్స్‌మత్ వెళ్ళే బస్సులో పుట్టింది. ఒక విలేఖరి, మీరు పాటలు ఎలా చేస్తారు అని అడిగాడు. బ్లాక్‌మోర్ ఇలాగే అంటూ గిటార్ తీసి ఒకే స్వరాన్ని టకటకా కొట్టడం మొదలుపెట్టాడు, గిలన్ నోటికొచ్చిన మాటలు పాడాడు. ఆ రాత్రే స్టేజీ మీద వాయించేశారు. మాంట్రూకి వచ్చేసరికి అది స్టేజీ మీద నలిగి నునుపెక్కిన పాట. ఇంకో విశేషం, బ్లాక్‌మోర్ మామూలుగా సోలో అంటే మనోధర్మమే, ఏ రోజుకి ఆ రోజు వేరుగా వాయిస్తాడు. ఈ పాటలో మాత్రం సోలోని స్వరం స్వరం ముందే కట్టుకుని వచ్చాడు. బాఖ్ సంగీతంలో కనిపించే స్వరసంగతులు తీసుకుని, వాటిని విడగొట్టి, మెట్లు దిగినట్టు దింపాడు. దాన్ని రెండో గిటార్‌తో జోడించి మరీ వాయించాడు. లార్డ్ ఆర్గన్ సోలో కూడా అదే దారి. మనవాళ్ళకి ఆ పాట వింటే ఎవరో చిట్టస్వరం పరిగెత్తిస్తున్నట్టు ఉంటుంది, ప్రయత్నించి చూడండి.

'లేజీ' దానికి పూర్తిగా వ్యతిరేకం. ఏడు నిమిషాల పైచిలుకు. ఆర్గన్ ఒక్కటే మొదలై, ఎటు పోతుందో తెలియకుండా తిరిగి తిరిగి, అప్పుడు అందరూ కలుస్తారు. కట్టిన పాటకంటే కబుర్లు చెప్పుకుంటున్నట్టు ఉంటుంది. నన్నడిగితే కారిడార్ మొత్తం కనిపించేది ఆ పాటలోనే. 'పిక్చర్స్ ఆఫ్ హోమ్'లో గ్లోవర్ బేస్‌కి కూడా ఒక సోలో దక్కింది. 'నెవర్ బిఫోర్' గురించి... ఏం చెప్పను? రేడియోకి ఇదే పనికొస్తుందని వాళ్ళు ముచ్చటపడి దాన్నే సింగిల్‌గా, అంటే విడి రికార్డుగా వదిలారు. నాకు ఏడింటిలో అదే తేలిక పాట.

మరి 'టైటిల్ నంబర్ వన్' ఏమైంది? పడుంది. ఎవరూ పట్టించుకోలేదు. పని చివరికొచ్చింది, చూసుకుంటే ఎల్పీ నిండడానికి ఇంకో పాట కావాలి. అప్పుడు గుర్తొచ్చింది, పెవిలియన్‌లో చేసిన ట్రాక్ ఒకటుంది కదా అని. మాటలు కావాలి. అంతకు ముందే ఒక రోజు పొద్దున్న గ్లోవర్ నిద్ర లేస్తూ ఒక మాట పలికాడు, 'స్మోక్ ఆన్ ది వాటర్' అని. గిలన్‌కి చెప్తే మత్తుమందుల పాటలా ఉందే అన్నాడు. కానీ చేతిలో వేరే ఏముంది? ఇద్దరూ కూర్చుని, తమకి జరిగిందే వరసగా రాసేశారు. వచ్చాం, కాలింది, వెళ్ళగొట్టారు, హోటల్ దొరికింది. కవిత్వం కోసం తడుముకోలేదు. డైరీ రాసినట్టు రాశారు. ఖాళీ నింపడానికి పెట్టిన పాట అది!

వినేటప్పుడు ఇది గమనించండి. ఏడు పాటల్లో ఆ ఒక్క ట్రాకే వేరే గదిలో చేసింది. గాత్రం మాత్రం గిలన్ తర్వాత కలిపాడు. 'హైవే స్టార్' డ్రమ్స్ విని, వెంటనే 'స్మోక్' డ్రమ్స్ వినండి. గాలి వేరుగా ఉంటుంది.

డిసెంబర్ 6న మొదలై 21కి అయిపోయింది. 1972 మార్చిలో రికార్డు వచ్చింది, ఇంగ్లండ్‌లో మొదటి స్థానానికి వెళ్ళింది. అమెరికాలో ఏడు దాకా ఎక్కింది. 'స్మోక్ ఆన్ ది వాటర్'ని సింగిల్‌గా వదలాలని కంపెనీకి తోచడానికి 1973 దాకా పట్టింది. వదిలాక అమెరికాలో నాలుగో స్థానం. రేడియోకి పనికొచ్చే పాటేదో చేసినవాళ్ళకే తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది అని అడక్కండి. మన సినిమాల్లో ఎన్నిసార్లు చూడలేదు ఇది?

ఇక చివరిగా, ఏది వినాలి అని చాలామంది ఫోన్లు చేసి అడుగుతున్నారు కాబట్టి చెప్తాను. మూడు రకాలు దొరుకుతున్నాయి. 1972 నాటి అసలు మిక్స్, అంటే ట్రాకులన్నీ కలిపి కూర్చిన తీరు, ఒకటి. ఇరవై ఐదేళ్ళకి 1997లో రోజర్ గ్లోవర్ స్వయంగా కూర్చుని చేసిన రీమిక్స్ రెండోది. మొదట వాడని గిటార్ ముక్కలు కొన్ని అందులో బయటికొచ్చాయి. మూడోది 2024లో వచ్చింది. చేసింది ఎవరు? డ్వీజిల్ జాపా. అవును, ఆ సాయంత్రం స్టేజీ మీదున్న ఫ్రాంక్ జాపా కొడుకే! తండ్రి కచేరీలో కేసినో కాలిపోయింది, ఆ మంట వల్ల దారి మారిన టేపుల్ని యాభై ఏళ్ళ తర్వాత కొడుకు ఒక్కో ట్రాకూ విప్పి మళ్ళీ కలిపాడు. కథల్లో రాస్తే నమ్మరు.

నా ఓటు అసలు మిక్స్‌కే. గ్లోవర్ రీమిక్స్‌లో వాయిద్యాలు విడివిడిగా, కడిగినట్టు వినిపిస్తాయి, నేర్చుకునేవాళ్ళకి అది మంచిది. డ్వీజిల్‌ది ఇప్పటి స్పీకర్లకి బాగుంటుంది. ఫోన్ స్పీకర్‌లో మాత్రం ఏదీ వినకండి, బేస్ ఎప్పుడు వచ్చిందో కూడా తెలియదు.

ఇప్పుడు 'లేజీ' పెడతాను, ఎల్పీ మీదే. మా తమ్ముడు ఫ్యాన్లు వేస్తాడు, కర్టెన్లు అలాగే ఉంచమన్నాను. పాటయ్యాక ప్రశ్నలు. మైకు ముందు ఆ కుర్రాడికి ఇవ్వండి, ఇందాకటి నుంచి చెయ్యి ఎత్తే ఉంచాడు.